వెండి అయిపోయాక చట్టం అమ్మిన రాష్ట్రం

(ఒక పట్టణ గ్రంథాలయంలో నెలనెలా జరిగే సభలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినవాళ్లు "అమెరికా చరిత్రలో సరదా సంగతులు చెప్పండి, క్విజ్ లాగా ఉంటే కాలేజీ పిల్లలు కూడా వస్తారు" అన్నారు. అమెరికా మొత్తం అంటే నా వల్ల కాదు. ఒక్క రాష్ట్రం తీసుకుంటాను. నెవాడా. పేరు విననివాళ్లు ఉండొచ్చు గానీ లాస్ వెగాస్ విననివాళ్లు ఉండరు. కాలిఫోర్నియాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్తే వాళ్లు ఎలాగూ ఒక శనివారం కారెక్కించి అక్కడికి తీసుకెళ్తారు. లైట్లు చూస్తాం, ఫోటోలు దిగుతాం, 20 డాలర్లు పోగొట్టుకుని "ఊరికే, ఎలా ఉంటుందో చూద్దామని ఆడాను" అంటాం. (నవ్వులు)

మొదటి ప్రశ్న దాని మీదే. ఆ పెద్ద పెద్ద క్యాసినోలు, ఆ వెలుగుల రోడ్డు, స్ట్రిప్ అంటారే, అవి ఏ ఊళ్లో ఉన్నాయి?

(సభలోంచి: "లాస్ వెగాస్!")

చాలావరకు లాస్ వెగాస్‌లో లేవు. పారడైజ్ అనే చోట ఉన్నాయి. పారడైజ్ మునిసిపాలిటీ కాదు. దానికి మేయరు లేడు, కౌన్సిల్ లేదు, నేరుగా క్లార్క్ కౌంటీ పాలనలో ఉంటుంది, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. 1950లో లాస్ వెగాస్ మేయరు ఎర్నీ క్రాగిన్ ఊరి హద్దులు పెంచి స్ట్రిప్‌ని కలుపుకోవాలని చూశాడు. పన్ను కోసమే, అందులో దాపరికం ఏమీ లేదు. క్యాసినోల వాళ్లు ఊరుకుంటారా? ఫ్లమింగో క్యాసినో నడిపే గస్ గ్రీన్‌బామ్‌ని ముందు పెట్టుకుని కౌంటీ కమిషనర్ల దగ్గరికి వెళ్లి, ఆ రోడ్డు పక్క నేలని విడి టౌన్‌గా ప్రకటించేలా చేసుకున్నారు. అదే ఏడాది డిసెంబరుకల్లా పని అయిపోయింది. కౌంటీ ఒప్పుకోకుండా అలాంటి టౌన్‌ని ఊళ్లో కలపకూడదని రాష్ట్ర చట్టం. ఇవాళ్టికీ అంతే. విమానాశ్రయం పారడైజ్‌లోనే ఉంది. 1959లో బెటీ విల్లిస్ డిజైన్ చేసిన "వెల్‌కమ్ టు ఫ్యాబ్యులస్ లాస్ వెగాస్" బోర్డు ముందు మనం క్యూలో నిలబడి మరీ ఫోటో దిగుతాం కదా, అది కూడా ఊరి హద్దు బయటే ఉంది.

నెవాడా గురించి నేను చెప్పదలుచుకున్నది ఈ సంగతిలోనే ఉంది. అక్కడ నీళ్లు లేవు, పంట లేదు, మనుషులు తక్కువ. గనులున్నంత కాలం గనుల మీద బతికారు. అవి అయిపోయాక ఆ రాష్ట్రం దగ్గర మిగిలింది ఒక్కటే, చట్టం చేసుకునే అధికారం. దాన్నే అమ్మకానికి పెట్టింది. పక్క రాష్ట్రంలో కుదరనిది మా దగ్గర కుదురుతుంది, రండి అంది. ఇవాళ చెప్పేవన్నీ చిల్లర సంగతులే, కానీ చాలావరకు ఆ దారిలోవే.

అసలు అది రాష్ట్రం ఎలా అయిందో చూడండి. 1861 మార్చి 2 వరకు అది యూటా టెరిటరీలో భాగం. టెరిటరీ అంటే ఇంకా రాష్ట్ర హోదా రాని ప్రాంతం. 1860 జనాభా లెక్కల ప్రకారం ఆ ప్రాంతంలో 6,857 మంది. అక్కడి మూలవాసుల్ని ఆ లెక్కలో సరిగా పట్టించుకోలేదనుకోండి. రాష్ట్ర హోదాకి 60,000 మంది ఉండాలన్నది పాత ఆనవాయితీ. 1870లో లెక్కపెట్టినా 42,491 మందే తేలారు. అయినా 1864 అక్టోబరు 31న రాష్ట్రం అయిపోయింది. ఎందుకంత తొందర? అంతర్యుద్ధం నడుస్తోంది, నవంబరు 8న అధ్యక్ష ఎన్నిక. లింకన్ పార్టీకి నమ్మకమైన ఓట్లు కావాలి. బానిసత్వాన్ని రద్దు చేసే సవరణకి వాళ్ల పార్లమెంటు అయిన కాంగ్రెస్‌లో కూడా ఓట్లు కావాలి. నెవాడా వెండి కోసమే లింకన్ దాన్ని రాష్ట్రం చేశాడని చాలా చోట్ల రాస్తారు. అది నిలబడే మాట కాదు. టెరిటరీగా ఉన్నా ఆ వెండి లింకన్ పక్షమైన ఉత్తరాదిదే, ఎక్కడికీ పోదు. టెరిటరీకి లేనిది ఓటు.

రాజ్యాంగం రాసుకుని ఓటర్ల చేత ఒప్పించుకోవడానికి వాళ్లకి రెండు సార్లు పట్టింది. మొదటి రాజ్యాంగాన్ని 1864 జనవరిలో జనమే తోసిపుచ్చారు. మిగతా ఆస్తుల్లాగే గనుల మీదా పన్ను వేస్తామని అందులో ఉంది. రెండోదాంట్లో ఖర్చులు పోను మిగిలిన నికర రాబడి మీదే పన్ను అని మార్చారు. వెంటనే పాసైంది. పుట్టక ముందే రాయితీ ఇచ్చిన రాష్ట్రం అన్నమాట.

ఇప్పుడు అసలు కష్టం వచ్చింది. రాజ్యాంగం ప్రతి వాషింగ్టన్‌కి చేరాలి, ఎన్నిక దగ్గర పడుతోంది. భూమార్గంలో ఒకటి, ఓడలో ఒకటి పంపించారు, రెండూ సమయానికి చేరలేదు. గవర్నరు జేమ్స్ నై ఇక టెలిగ్రాం ఇచ్చేయమన్నాడు. రాజ్యాంగం మొత్తాన్ని! 16,543 పదాలు. రాజధాని కార్సన్ సిటీ నుంచి నేరుగా వాషింగ్టన్‌కి లైను లేదు. కార్సన్ సిటీలో ఆపరేటరు టకటకా కొడితే సాల్ట్ లేక్ సిటీలో ఇంకొకరు విని, రాసుకుని, మళ్లీ మొదటి నుంచి షికాగోకి కొట్టాలి. షికాగో నుంచి ఫిలడెల్ఫియా, అక్కడి నుంచి వాషింగ్టన్. రెండు రోజులు పట్టింది. అవతల రాసుకున్నవాళ్లకి 175 పేజీలు అయ్యింది. బిల్లు 4,303 డాలర్ల 27 సెంట్లు. ఆ 27 సెంట్లు కూడా రికార్డులో ఉన్నాయి, గుమాస్తాలు ఎక్కడైనా గుమాస్తాలే. (నవ్వులు) మూడు నాలుగు రోజుల్లో లింకన్ ప్రకటన వచ్చేసింది.

అక్కడ అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది ఒక్కో రాష్ట్రం తరఫున ఓటు వేసే ఎలెక్టర్లు. ఇంత హడావుడి చేసి సంపాదించిన ఎలెక్టోరల్ ఓట్లు మూడు. పడ్డవి ఎన్ని? రెండే. ఒక ఎలెక్టరు రాలేకపోయాడు, మంచులో చిక్కుకున్నాడని చెబుతారు. లింకన్‌కి 212, ప్రత్యర్థి మెక్‌లెల్లన్‌కి 21. నెవాడా అసలు లేకపోయినా గెలిచేవాడు. రెండో పని మాత్రం జరిగింది. 1865 జనవరి 31న బానిసత్వ రద్దు సవరణ ప్రతినిధుల సభలో నెగ్గినప్పుడు నెవాడా ప్రతినిధి ఓటు అందులో ఉంది. జాతి, రంగు బట్టి ఓటు హక్కు నిరాకరించకూడదన్న 15వ సవరణని అందరికంటే ముందు ఆమోదించిన రాష్ట్రం కూడా నెవాడాయే, 1869 మార్చి 1న. దాని తుది పాఠంలో అక్కడి సెనేటరు విలియం స్టూవర్ట్‌ది ముఖ్యమైన చెయ్యి. మరీ మురిసిపోకండి. ఈ సవరణ వల్ల చైనా వాళ్లకి ఓటు రాదు అని చూసుకున్నాకే అక్కడివాళ్లు స్థిమితపడ్డారు.

ఇంకో చిన్నది. లాస్ వెగాస్ ఉన్న దక్షిణపు ముక్క మొదట నెవాడాది కాదు, అరిజోనా టెరిటరీది. 1867లో దాన్ని కోసి ఇటు కలిపారు. అరిజోనా గోల పెట్టింది, ఎవరూ వినలేదు. అప్పుడది ఎవరికీ పెద్దగా అక్కర్లేని ఎడారి. లాస్ వెగాస్ ఊరుగా పుట్టింది 1905 మే 15న, రైల్వే కంపెనీ ప్లాట్లు వేలం వేసినప్పుడు.

సరే, వెండి. 1859లో వర్జీనియా సిటీ దగ్గర కొండ మీద బంగారం కడుక్కునేవాళ్లకి ఒక నీలపు బురద విసుగు పుట్టించేది. జల్లెడలకి అడ్డం పడేది. తిట్టుకుంటూ దాన్ని పక్కన పారబోసేవాళ్లు. ఎవరో ఆ మట్టిని కాలిఫోర్నియాలో పరీక్ష చేయించారు. టన్నుకి 3,876 డాలర్ల విలువ, అందులో మూడొంతులకు పైగా వెండే. ఇన్నాళ్లూ పారేసింది వెండి! ఆ నిక్షేపానికి కామ్‌స్టాక్ లోడ్ అని పేరు. నిజానికి తవ్వినవాళ్లు ఓ'రైలీ, మెక్‌లాఫ్లిన్ అనే ఇద్దరు. హెన్రీ కామ్‌స్టాక్ మధ్యలో వచ్చి ఈ నేల నాది, నీళ్లు నావి అని దబాయించి వాటా పట్టాడు. నోరున్నవాడి పేరే మిగిలింది. అతను తన వాటా 11,000 డాలర్లకి అమ్మేసుకుని, డబ్బంతా పోగొట్టుకుని, 1870లో మోంటానాలో తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు.

అక్కడి ఖనిజం మెత్తగా ఉండేది, పొర చాలా వెడల్పు. ఎంత దుంగ నిలబెట్టినా కప్పు కూలేది. 1860లో ఫిలిప్ డైడ్‌షైమర్ అనే జర్మన్ ఇంజనీరు ఒక పద్ధతి కనిపెట్టాడు. లావుపాటి దూలాలతో చదరపు గళ్ల చట్రం కట్టడం. తవ్వేకొద్దీ పక్కన ఒక గడి, పైన ఒక గడి చేర్చుకుంటూ పోవచ్చు, ఖాళీ గళ్లలో వ్యర్థపు రాయి నింపేయవచ్చు. ప్రపంచమంతా అదే నేర్చుకుంది. ఆయన పేటెంట్ తీసుకోలేదు, ఆయనకి పైసా రాలేదు. ఆ దూలాల కోసం టాహో సరస్సు చుట్టూ అడవి మాత్రం బోడి అయిపోయింది.

పేటెంట్ తీసుకున్న ఇంకో మనిషి సంగతి వినండి. ఈ హాల్లో జీన్స్ వేసుకున్నవాళ్లు చేతులెత్తండి. అబ్బో! జేబు మూలన రాగి రివెట్ ఉంది చూసుకోండి. అది పుట్టింది నెవాడాలోని రీనో ఊళ్లో. జేకబ్ డేవిస్ అని రీగా నుంచి వచ్చిన దర్జీ ఉండేవాడు. గుడారాలు, గుర్రాల మీద కప్పే దుప్పట్లు కుట్టేవాడు. 1870 చివర్లోనో 1871 మొదట్లోనో ఒకావిడ వచ్చి, మా ఆయన కూలిపని చేస్తాడు, ఏ పాంటు వేసినా జేబులు చిరిగిపోతున్నాయి, గట్టిది కుట్టిపెట్టు అంది. మూడు డాలర్లకి బేరం. బల్ల మీద గుర్రపు దుప్పట్లకి కొట్టే రివెట్లు పడి ఉన్నాయి. జేబు మూలల్లో అవి కొట్టాడు. ఆ పాంట్లకి గిరాకీ పెరిగింది. కాపీ కొడతారని భయం, పేటెంట్‌కి డబ్బు లేదు. తనకి గుడ్డ అమ్మే శాన్ ఫ్రాన్సిస్కో వ్యాపారి లీవై స్ట్రాస్‌కి 1872లో ఉత్తరం రాశాడు, ఖర్చు మీరు పెట్టండి, హక్కు చెరిసగం అని. 1873 మే 20న ఇద్దరి పేరా పేటెంట్ వచ్చింది. మీరు కట్టుకున్నదాని వెనక ఉన్న పేరు గుడ్డ అమ్మినాయనది, కుట్టినాయనది కాదు.

అన్నట్టు ఒంటెలు. గనులకి ఉప్పు మోయడానికి 1860లలో నెవాడాకి ఒంటెల్ని తెచ్చారు. వాటిని చూస్తే గుర్రాలు, కంచర గాడిదలు బెదిరి బళ్లు బోల్తా కొట్టించేవి. చివరికి 1875లో శాసనసభ ఒంటెలు రహదార్ల మీద విడిగా తిరగకూడదని చట్టమే చేసింది. 1899లో రద్దు చేశారు, అప్పటికి తిరగడానికి ఒంటెలు ఉంటే కదా.

ఇక్కడ కాస్త ఆగుతాను. ఆ వెండికీ మనకీ ఒక నిజమైన లంకె ఉంది. మన రూపాయి అప్పట్లో వెండి రూపాయి. వెండి ధర ఎంతో రూపాయి విలువ అంత. 1870లలో జర్మనీ బంగారానికి మారింది. అమెరికా కూడా 1873 చట్టంతో వెండి డాలర్లు ముద్రించే హక్కుని ఎత్తేసింది. సరిగ్గా అదే ఏడు కామ్‌స్టాక్‌లో అన్నిటికన్నా పెద్ద వెండి రాశి బయటపడింది. కొనేవాళ్లు తగ్గి సరుకు పెరిగితే ఏమవుతుంది? వెండి పడిపోయింది. దాంతోపాటు రూపాయీ పడిపోయింది. సుమారు 2 షిల్లింగులు ఉన్నది 1893కల్లా 1 షిల్లింగు 3 పెన్నీల దాకా దిగింది. లండన్‌కి కట్టాల్సిన ఖర్చులు బంగారం లెక్కలో, ఇక్కడ వసూలయ్యేది వెండిలో. అదే బాకీకి ఏటేటా ఎక్కువ రూపాయలు పిండాల్సి వచ్చింది. చివరికి 1893లో జనం వెండి తెచ్చి రూపాయలు కొట్టించుకునే పద్ధతికి ఇక్కడి టంకశాలలు తలుపులు మూసేశాయి. అంతా నెవాడా చేసిందనను, కానీ అందులో దాని వాటా ఉంది.

రెండో లంకె ఇంకా విచిత్రం. మొదటి ప్రపంచ యుద్ధం. మన దేశం నుంచి గోధుమలు, జనపనార, తోళ్లు యుద్ధానికి పోతున్నాయి. వాటికి ఇక్కడ రూపాయలు చెల్లించాలి, వెండి లేదు. 1917 నవంబరు 30న మొట్టమొదటి సారి ఒక రూపాయి కాగితం నోటు వచ్చింది. ఆ వెంటనే రెండున్నర రూపాయల నోటు కూడా. జనం కాగితాన్ని నమ్మలేదు, నోట్లు పట్టుకెళ్లి వెండి ఇవ్వమన్నారు. యుద్ధం మధ్యలో ప్రభుత్వం వెండి ఇవ్వలేకపోయిందంటే పరువు పోతుంది. బ్రిటన్ అమెరికాని అడిగింది. అమెరికా ఖజానాలో కోట్ల కొద్దీ వెండి డాలర్లు ఊరికే పడి ఉన్నాయి. అప్పుడు చట్టం తెచ్చినాయన కీ పిట్‌మన్. ఏ రాష్ట్రపు సెనేటరు? చెప్పక్కర్లేదనుకుంటా. (నవ్వులు)

1918 ఏప్రిల్ 23న వచ్చిన పిట్‌మన్ చట్టం కింద మొత్తం 27 కోట్లకు పైగా వెండి డాలర్లు కరిగించారు. అందులో దాదాపు 25 కోట్ల 91 లక్షల డాలర్ల వెండి మన రూపాయల కోసం బ్రిటన్‌కి అమ్మారు, ఔన్సు ఒక డాలరు చొప్పున. మన ఇళ్లల్లో అయిదో జార్జి బొమ్మ ఉన్న 1918, 1919 రూపాయలు ఉంటాయి. అమ్మమ్మలు కాసుల దండల్లో గుచ్చుకున్నవీ ఉంటాయి. వాటిలో కొన్నిటి వెండి ఒకప్పుడు అమెరికా డాలరు అయి ఉండటానికి బాగానే అవకాశం ఉంది. ఇక పిట్‌మన్ తెలివి చూడండి. ఎంత వెండి అమ్మామో అంత వెండినీ అమెరికా గనుల నుంచే, ఔన్సు ఒక డాలరుకే తిరిగి కొనాలని అదే చట్టంలో రాయించాడు. యుద్ధం అయ్యాక మార్కెట్‌లో వెండి డాలరు కన్నా చాలా కిందికి దిగింది. ప్రభుత్వం మాత్రం 1923 దాకా డాలరు చొప్పునే కొంటూ పోయింది. గనిలో అడుగంటింది చట్టంలో దొరికింది.

మళ్లీ వెనక్కి. 1880లో నెవాడా జనాభా 62,266. 1900లో 42,335. 20 ఏళ్లలో మూడో వంతు మనుషులు వెళ్లిపోయారు. ఇలాంటిదానికి రాష్ట్ర హోదా ఎందుకు, తీసేయండి అని తూర్పు తీరపు పత్రికలు రాశాయి. అప్పుడు మొదలైంది ఈ అమ్మకం.

మొదటి సరుకు బాక్సింగ్. డబ్బు పెట్టి కొట్టుకునే పోటీలు చాలా రాష్ట్రాల్లో నేరం. నెవాడా 1897లో చట్టబద్ధం చేసింది. ఆ మార్చి 17నే కార్సన్ సిటీలో కార్బెట్, ఫిట్జ్‌సిమన్స్ పోటీ. 14వ రౌండులో ఫిట్జ్‌సిమన్స్ ఒక్క పొట్ట గుద్దుతో ముగించాడు. దాన్ని ఈనాక్ రెక్టర్ మొత్తం ఫిల్ము మీదికి ఎక్కించాడు. సినిమా అంటే నిమిషం బొమ్మలు అనుకునే రోజుల్లో గంటన్నర దాటిన చిత్రం! 1910 జులై 4న కాలిఫోర్నియా గవర్నరు వద్దన్న పోటీ రీనోకి వచ్చింది. నల్లజాతి చాంపియన్ జాక్ జాన్సన్‌ని ఓడించడానికి తెల్లజాతి మాజీ చాంపియన్ జెఫ్రీస్‌ని రిటైర్మెంట్ నుంచి లాక్కొచ్చారు. జాన్సన్ 15వ రౌండులో అతన్ని పడేశాడు. ఆ రాత్రి దేశంలో పలు నగరాల్లో నల్లవాళ్ల మీద దాడులు జరిగి మనుషులు చనిపోయారు.

రెండో సరుకు విడాకులు. ఇదే నాకు అన్నిటికన్నా ఇష్టమైన అధ్యాయం. న్యూయార్క్ లాంటి చోట వ్యభిచారం రుజువు చేస్తే గానీ విడాకులు లేవు. నెవాడాలో కారణాలు ఎక్కువ, "మానసిక క్రూరత్వం" అంటే చాలు. కానీ కోర్టుకెక్కాలంటే ముందు అక్కడి నివాసి అయి ఉండాలి. గనుల వాళ్లు ఊరూరా తిరిగేవాళ్లు కనక ఆ గడువు మొదటి నుంచీ ఆరు నెలలే. 1906లో ఒక ఉక్కు కంపెనీ అధ్యక్షుడి భార్య రీనో వచ్చి విడాకులు తీసుకుంటే పత్రికలన్నీ రాశాయి. ఊరికి ఉచితంగా ప్రచారం. పెద్దమనుషులకి సిగ్గేసి 1913లో గడువు ఏడాదికి పెంచారు. హోటళ్ల వాళ్లు, వకీళ్లు, దుకాణాల వాళ్లు లబోదిబోమన్నారు. 1915లో మళ్లీ ఆరు నెలలు. 1927లో మూడు నెలలు. 1931లో ఐడహో, ఆర్కన్సా కూడా మూడు నెలలకి దిగేసరికి, నెవాడా ఆరు వారాలు చేసి పారేసింది.

ఆరు వారాలు అంటే ఎలా ఉండేదో చూడండి. రైలు దిగగానే వకీలు దగ్గరికి. ఏదో లాడ్జిలోనో, విడాకుల కోసం వచ్చేవాళ్లకి గది ఇచ్చే పశువుల రాంచ్‌లోనో దిగాలి. రోజూ ఆ ఊళ్లో కనపడాలి. ఆరు వారాలయ్యాక ఇంటావిడో రాంచ్ యజమానో కోర్టుకొచ్చి ఈవిడ రోజూ ఇక్కడే ఉంది, నా కళ్లతో చూశాను అని ప్రమాణం చేయాలి. తర్వాత జడ్జి అడుగుతాడు, మీకు నెవాడాలోనే స్థిరపడాలని ఉందా? ఉందండీ అనాలి. అనేసి మధ్యాహ్నం రైలు ఎక్కేయాలి. (నవ్వులు) బయటికొచ్చి వంతెన మీంచి ట్రకీ నదిలోకి ఉంగరం విసిరేవాళ్లని కథ. ఎందరు విసిరారో గానీ కథ మాత్రం ఊరికి బాగా పనికొచ్చింది.

పెళ్లిళ్లు కూడా అంతే. 1927లో కాలిఫోర్నియా, తాగిన మైకంలో పెళ్లిళ్లు చేసుకుంటున్నారని, లైసెన్సుకి మూడు రోజులు ఆగాలని చట్టం చేసింది. ఆగలేనివాళ్లంతా హద్దు దాటి నెవాడా వచ్చారు. ఇది మనకి కొత్తేం కాదు. 1930లో శారదా చట్టం అమలైనప్పుడు గోదావరి జిల్లాల నుంచి బాల్య వివాహాలకి బళ్లు కట్టుకుని ఎక్కడికి వెళ్లారు? యానాం. ఫ్రెంచి వాళ్ల నేల కనక బ్రిటిష్ చట్టం వర్తించదు. కల్యాణపురం అని పేరు కూడా పెట్టారు. నెవాడా వాళ్లు ఇదే పనికి రేటు కార్డు వేసుకుని కూర్చున్నారు.

మూడో సరుకు మీకు తెలిసిందే. అయితే నెవాడాలో జూదం ఎప్పుడూ ఉందనుకుంటే పొరపాటు. 1869లో చట్టబద్ధం చేశారు, 1910 అక్టోబరు 1 నుంచి నిషేధించారు. నిషేధం ఉన్నా వెనక గదుల్లో ఆడుతూనే ఉన్నారు, లంచాలు నడిచాయి. 1931లో ఫిల్ టోబిన్ అనే పశువుల రైతు శాసనసభలో బిల్లు పెట్టాడు. ఎలాగూ ఆడుతున్నారు, ఫీజు రాష్ట్రానికి వస్తే పోలా అన్నది ఆయన వాదం. 1931 మార్చి 19న గవర్నరు ఫ్రెడ్ బాల్జర్ సంతకం పెట్టాడు. ఆరు వారాల విడాకుల బిల్లు మీదా అదే రోజు సంతకం. ఒక్క రోజులో రెండు! లాస్ వెగాస్‌లో మొదటి లైసెన్సు తీసుకున్నది మేమీ స్టాకర్ అనే మహిళ, నార్దర్న్ క్లబ్ పేర.

అదే ఏడు 50 కిలోమీటర్ల లోపే హూవర్ డ్యామ్ పని మొదలైంది. పనివాళ్లు జీతాలు జూదంలో పోగొడతారని ఫెడరల్ ప్రభుత్వం బౌల్డర్ సిటీ అని విడి ఊరు కట్టి అక్కడ జూదం, మద్యం రెండూ నిషేధించింది. మద్యం 1969లో వచ్చింది. జూదం ఇవాళ్టికీ లేదు. నెవాడాలో జూదం లేని ఊళ్లు రెండే, బౌల్డర్ సిటీ, పనాకా. ఆ డ్యామ్ నీళ్ల వాటాలు మనకి టీఎంసీల్లో చెబితే గానీ ఎక్కవు. 1928 నాటి చట్టం ప్రకారం దిగువ కొలరాడో నదిలో కాలిఫోర్నియాకి 44 లక్షల ఎకరడుగులు, అంటే 190 టీఎంసీల పైమాట. అరిజోనాకి 28 లక్షలు, 122 టీఎంసీలు. నెవాడాకి 3 లక్షలు, 13 టీఎంసీలు! అప్పుడు అక్కడ మనుషులే లేరు, అడిగే నోరూ లేదు. ఇవాళ లాస్ వెగాస్ చుట్టుపక్కల 20 లక్షల పైగా జనం ఆ 13 మీదే చాలావరకు బతుకుతున్నారు. ఇళ్లల్లో వాడిన నీళ్లు శుద్ధి చేసి మళ్లీ జలాశయంలోకి వదిలితే అంత మేరకు తిరిగి తోడుకోవచ్చు. తోటకి పోసింది అలా తిరిగి రాదు. అందుకే గొడవంతా తోటల మీద. అలంకారానికి పెంచే గడ్డిని కొలరాడో నీళ్లతో తడపకూడదని 2021లో చట్టం చేశారు.

మాఫియా కథ సినిమాల్లో చూసే ఉంటారు, వదిలేద్దాం. ఇంకో వ్యాపారం కూడా కొన్ని పల్లె కౌంటీల్లో చట్టబద్ధమే. పిల్లలున్నారు కనక పేరు చెప్పను, లాస్ వెగాస్‌లో మాత్రం అది నేరమే అని చెప్పి ముందుకి పోతాను.

ఇలాంటి అంగడికి ఒక చిక్కుంది. పక్కవాడు కూడా అదే తెరిస్తే మనది మూతే. కాలిఫోర్నియాలో 1970 జనవరి 1 నుంచి తప్పు నిరూపించక్కర్లేని విడాకులు వచ్చాయి. రీనో విడాకుల రాంచ్‌లు దాంతో సరి. 1978లో తూర్పు తీరంలోని అట్లాంటిక్ సిటీలో క్యాసినో తెరిచారు. ఆటల మీద పందేల విషయంలో 1992 నాటి ఫెడరల్ చట్టం దాదాపు నెవాడాకే గుత్తాధిపత్యం ఇచ్చింది. 2018లో సుప్రీం కోర్టు దాన్నీ కొట్టేసింది.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: "మేడమ్, అక్కడ ముందు నుంచీ ఉన్నవాళ్ల సంగతేంటి?")

మంచి ప్రశ్నమ్మా. నేను ముందే చెప్పాల్సింది. పశ్చిమ షోషోనీలు, పయూట్‌లు, వాషోలు. షోషోనీలతో 1863 అక్టోబరు 1న రూబీ వ్యాలీలో ఒప్పందం జరిగింది. అది శాంతి, స్నేహాల ఒప్పందం. బళ్లు, రైలు, తంతి పోవడానికి దారి ఇస్తామన్నారు, గనులు తవ్వనిస్తామన్నారు. నేల ఇచ్చేశాం అన్న మాట అందులో లేదు. ఆ నేలలోనే లాస్ వెగాస్‌కి 65 మైళ్ల దూరంలో అణు పరీక్షల స్థలం పెట్టారు. 1951 జనవరి 27 నుంచి 1992 సెప్టెంబరు 23 వరకు 928 పరీక్షలు, అందులో 100 ఆకాశం కింద, బయటే. లాస్ వెగాస్ వాణిజ్య మండలి పేలుళ్ల సమయాలు, చూడ్డానికి మంచి చోట్లు రాసి క్యాలెండర్లు పంచింది. గాలి యూటా వైపు వీచేది. అక్కడి పల్లెల వాళ్లకి క్యాన్సర్లు వచ్చాక, 1990లో గానీ పరిహార చట్టం రాలేదు. షోషోనీల నేలకి 1979లో 2 కోట్ల 60 లక్షల డాలర్లు కట్టి ఫెడరల్ ఖాతాలో వేశారు. చాలామంది తీసుకోం అన్నారు. మేం అమ్మలేదు కదా అన్నారు. ఖాతాలో పడింది కనక చెల్లించినట్టే అని 1985లో సుప్రీం కోర్టు చెప్పింది. నెవాడాలో చట్టం అందరికీ అమ్మకానికి దొరికింది, వాళ్లకి తప్ప.

(ఒక పెద్దాయన: "అంత నేల ఉంది కదా, రాష్ట్రానికి భూమి మీద ఆదాయం లేదా?")

లేదండీ. రాష్ట్రం అయ్యేటప్పుడే ఎవరికీ చెందని నేల మీద హక్కు వదులుకోవాలన్నది షరతు. ఇవాళ్టికీ సుమారు 80 శాతం నేల ఫెడరల్ ప్రభుత్వానిది, ఏ రాష్ట్రంలోనూ అంత లేదు. 1987లో దేశంలోని అణు వ్యర్థమంతా అక్కడి యూకా పర్వతంలో పెడదామని కాంగ్రెస్ తీర్మానించింది, నెవాడాలో ఒక్క అణు విద్యుత్ కేంద్రం కూడా లేకపోయినా. రాష్ట్రం దశాబ్దాల తరబడి కొట్లాడి ఆపించింది.

(ఒక కుర్రాడు: "మేడమ్, ఏరియా 51లో ఏలియన్స్ ఉన్నారా?")

(నవ్వులు) నీ కోసమే అందరూ ఆగారు నాయనా. ఏరియా 51 అంటే గ్రూమ్ లేక్ అనే ఎండిన చెరువు దగ్గరున్న రహస్య సైనిక స్థావరం. అక్కడ 1955 నుంచి యూ-2 గూఢచారి విమానాలు పరీక్షించారు. అంత ఎత్తులో విమానం ఎగరగలదని ఎవరికీ తెలియదు కనక ఆకాశంలో మెరిసింది చూసినవాళ్లు ఏదేదో అనుకున్నారు. ఆ చోటు ఉందని సీఐఏ కాగితాల్లో బాహాటంగా ఒప్పుకున్నది 2013లో. ఏలియన్ల మాట వాళ్లెవరూ ఎత్తలేదు. నెవాడా మాత్రం ఊరుకోలేదు. ఆ పక్క నుంచి పోయే 375వ నంబరు రోడ్డుకి 1996లో అధికారికంగా "ఎక్స్‌ట్రా టెరెస్ట్రియల్ హైవే" అని పేరు పెట్టేసింది. టూరిస్టులు వస్తారు కదా. వచ్చినవాళ్లు ఆ బోర్డు మీద స్టిక్కర్లు అంటించి అంటించి అక్షరాలు కనపడకుండా చేసేశారు.